గుణదల వాళ్లంతేనమ్మా

కిటికీ గట్టు మీద ఐదు ఫోన్లు.
ఒక్కోదాని వీపున తెల్ల ప్లాస్టరు ముక్క,
ముక్క మీద స్కెచ్ పెన్నుతో పేట పేరు.
పటమట, గుణదల, సింగ్‌నగర్,
భవానీపురం, మొగల్రాజపురం.
ఐదింటికీ చెవి ఒకటే, నాది.
ఐదింటికీ బండి ఒకటే,
కిక్కు కొడితే మూడోసారికి లేచేది.

కొట్టు మాత్రం కృష్ణలంకలో,
కరకట్ట వెనక సందులో, రేకు కింద.
బోర్డు మీద మరియదాసు ఫ్రిజ్ వర్క్స్ అని ఉండేది.
ఎండకి పెచ్చులూడి
దాసు పోయి మరియ మిగిలింది.

"బోర్డు చూసి ఎవరొస్తారక్కా ఇప్పుడు" అన్నాడు తబ్రేజు,
బీసెంట్ రోడ్డులో చెప్పుల షాపు మీద
రెండో అంతస్తు కుర్రాడు.
"ఫ్రిజ్ ఆగిన మనిషి ముందు ఫోన్లో వెతుకుతాడు.
వెతికితే దగ్గర్లో ఉన్నవాడే పైకొస్తాడు.
నువ్వు అన్ని చోట్లా దగ్గర్లో ఉండాలి."
అన్ని చోట్లా ఉండేది దేవుడొక్కడే అనుకున్నా ఇన్నాళ్లూ.
దేవుడికి ఏడాదికోసారి రెన్యువల్ ఉండదు.

ఐదు సైట్లు, ఐదు రంగులు.
నా కమ్మలు తాకట్టుకెళ్లాయి వాటికోసం,
ఇంకా రాలేదు.
ఐదింటిలోనూ నవ్వే మెకానిక్కు మాత్రం ఒకడే,
ఎవరో తెల్లచొక్కావాడు, ఎక్కడివాడో,
చేతికి ఒక్క మరక లేదు.

గొంతులు నేనే పెట్టాను.
పటమట మోగితే "గుడ్ మార్నింగ్ సర్",
సింగ్‌నగర్‌కి "చెప్పన్నా",
భవానీపురానికి కొంచెం దగ్గుతాను, పెద్దామెలా.
మొగల్రాజపురాన్ని ఒక్క నిమిషం ఆగమంటాను,
పని ఎక్కువున్న షాపులా.
ఆ నిమిషంలో పప్పు ఎనుపుతాను.

రోహిణి కార్తెలో నిజంగానే పైకెక్కాం.
మొదటి పేరూ మాదే, మూడోదీ మాదే.
మధ్యలో ఆటోనగర్ సుభానీ,
పాపం, ఒక్క పేరుతో ఉన్నాడు.
తర్వాత మావే మావి తన్నుకున్నాయి.
"గుణదలని పటమట నొక్కేస్తోందక్కా" అని
తబ్రేజు తల గోక్కున్నాడు
తోడికోడళ్ల తగువు చెప్పినట్టు.

అప్పుడొచ్చింది ఆ ఫోను, మొగల్రాజపురానికి.
"గుణదల వాళ్లని పిలిచానమ్మా పోయిన వారం.
గ్యాసని పద్దెనిమిది వందలు పట్టుకుపోయారు.
నాలుగో రోజుకి పాలు విరిగాయి.
దొంగలు. మీరైనా మంచివాళ్లేనా?"
నోటికి ఎలా వచ్చిందో,
"గుణదల వాళ్లంతేనమ్మా" అన్నాను.
అని, గట్టు వైపు చూశాను.
గుణదల ఫోను వెల్లకిలా పడుకుని ఉంది, చార్జింగులో.

ఆయన వెళ్లనన్నాడు. అరగంట స్పానర్లు తుడిచాడు.
చివరికి వెళ్లాడు.

తలుపు తీసినావిడ విశాలాక్షి గారట,
రిజిస్ట్రారాఫీసులో చేసి రిటైరయ్యారట.
ముప్పయ్యేళ్లు సంతకాలు పోల్చి చూసిన కళ్లు.
ఏమీ అనలేదట.
వెనక గొట్టంలో సూదిమొనంత చిల్లు దొరికేదాకా
కుర్చీ వేసుకుని కూర్చున్నారట.
ఈయన డబ్బు తీసుకోలేదు.
చెప్పులేసుకుంటుంటే మాత్రం అడిగారట,
"ఈసారి పాలు విరిగితే
ఏ పేటకి చెయ్యమంటావు నాయనా?"

ఫ్రిజ్ పక్క రేకు మీద
పెన్సిల్‌తో రాసి వచ్చాడు,
పేరూ, పాత నంబరూ,
ఏ సైట్లోనూ లేనిది.

సైట్లు తీసెయ్యలేదు, అబద్ధమెందుకు,
పిల్లదాని ఫీజు పటమటే కడుతోంది.
గుణదల ఒక్కదానికీ ఈ ఏడు డబ్బు కట్టలేదు.

నిన్న మధ్యాహ్నం
బియ్యం డబ్బా మీద పాత ఫోను మోగింది.
ఐదు గొంతులున్నదాన్ని,
దీనికి ఏ గొంతుతో పలకాలో తెలియక
ఇంకోసారి మోగనిచ్చాను.